కోస్తా రేవు పట్టణాల్లో పాత రైలు కట్టలు

వాడుక తప్పిన రైలు మార్గం అనగానే తుప్పు పట్టిన పట్టాలు, పైకప్పు ఎగిరిపోయిన స్టేషను, తుమ్మచెట్లు మొలిచిన యార్డు కళ్ల ముందు కదులుతాయి. కోస్తా ఆంధ్రలోని పాత రేవు పట్టణాల్లో అలాంటి దృశ్యం కోసం వెతికేవారికి చాలాచోట్ల నిరాశే మిగులుతుంది. పట్టా ఇనుముకు ఏ కాలంలోనైనా గిరాకీ ఉంది. ఒకచోట ఊడదీసి మరోచోట పరుచుకోవచ్చు, కరిగించుకోవచ్చు, ముక్కలు కోసి మిద్దెకు దూలంగానో, గేటుకు స్తంభంగానో, పొలం కంచెకు గుంజగానో వాడుకోవచ్చు. స్లీపరు చెక్క తలుపు చట్రమవుతుంది, కంకర రోడ్డు కిందికి పోతుంది. ఎవరూ అంత తేలిగ్గా ఎత్తుకుపోలేనివి రెండే: చేల మధ్య నుంచి పెద్దగా వంపులు లేకుండా సాగిపోయే మట్టికట్ట, దాని కింద నీరు పారడానికి కట్టిన తూములు. కాబట్టి ఈ ప్రాంతంలో రైలు అవశేషాల చరిత్రను ఇనుములో కంటే నేలలో వెతకడం మేలు. ఒక మార్గం మళ్లీ బతుకుతుందా, పేరుగా మాత్రమే ఉండిపోతుందా అన్నది చాలావరకు ఆ సన్నని నేల ఏ రూపంలో నిలిచిందన్నదాన్ని బట్టే తేలిందని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందు రేవుల సంగతి. తెలుగు తీరంలో పేరుమోసిన రేవుల్లో కొన్ని రైలు రాకముందే నీరసించాయి. కోరంగిలో ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని చావుదెబ్బ తీశాయి. మిగిలిన పని గోదావరి మేట పూర్తి చేసింది. భీమునిపట్నం, కళింగపట్నం ఓడలను చూశాయి గాని రైలు కూత వినలేదు. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మార్గం వేసినప్పుడు ఆ రెండూ పక్కన ఉండిపోయాయి. కాకినాడకు సామర్లకోట నుంచి శాఖ వచ్చింది. బందరుకు 1908లో బెజవాడ నుంచి రైలు వచ్చింది. విశాఖపట్నం కథ వేరు. అక్కడ లోపలి రేవు 1933లో తెరుచుకునే నాటికి, మధ్య పరగణాల సరుకును తీరానికి దించే రాయపూర్–విజయనగరం మార్గం సిద్ధంగా ఉంది. రేవు, రైలు ఒకదాన్నొకటి పోషించుకుంటూ ఎదిగిన చోటు అది. అవశేషాలు వెతికేవారికి అక్కడ దొరికేది తక్కువ. మిగిలిన చోట్ల రైలు ఆలస్యంగా వచ్చింది, అప్పటికే ఒట్టిపోతున్న రేవుకు వచ్చింది, లేదా రేవుతో సంబంధం లేని కారణంతో పోయింది. రేవు చచ్చింది గనుక రైలు చచ్చిందన్న సులభమైన సూత్రం ఈ తీరానికి అతకదు.

ఈ ప్రాంతపు తొలి పట్టాలు అసలు ప్రయాణికుల కోసం పడలేదు. బొంబాయి నుంచి ఠాణాకు 1853 ఏప్రిల్ 16న దేశంలో మొదటి ప్రయాణికుల బండి నడవడానికి ఏళ్ల ముందే, 1840లలో, ధవళేశ్వరంలో ఆనకట్ట పని కోసం ఆర్థర్ కాటన్ చిన్న రైలు మార్గం వేయించాడు. గనుల నుంచి రాళ్లను ఏటి ఒడ్డుకు చేర్చడమే దాని పని. అంతకుముందు 1830లలో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ రాతిగనుల కోసం వేసిన పట్టాల మీద ఇదే పద్ధతి నడిచింది. ధవళేశ్వరం అప్పట్లో పనివాళ్ల ఊరు, పడవల ఊరు: కార్ఖానాలు, కాలవల తలలాకులు, సరుకు ఎక్కించుకుని కాకినాడ వైపు దిగే నావలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీదుగా సాగిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. మోసే రాయి అయిపోయాక ఆ పట్టాలకు ఊళ్లో పని లేకపోయింది. ఇందులో ఒక వింత ఉంది. పట్టాలను పనిముట్టుగా అంత ముందుగా వాడుకున్న ఈ ఇంజనీరే తర్వాతి జీవితమంతా భారతదేశానికి రైళ్ల కంటే పడవలు నడిచే కాలవలే చవక అని వాదించాడు. ఆ మార్గంలో ఇప్పుడు చూపించడానికి పట్టా ముక్క లేదు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనాటి పనిముట్లు, యంత్రాలు ఉన్నాయి గాని అవి రైలు మార్గం కావు. ఆ రైలు మోసిన రాయి మాత్రం 1982లో బ్యారేజీ పూర్తయ్యేదాకా డెల్టాకు నీళ్లు మళ్లించింది. ఒక మార్గపు ఆనవాలు ఆ మార్గం మీద కాక, అది చేరవేసిన సరుకులో మిగలడం అరుదు. రైలు అవశేషాల జాబితాలు తయారుచేసేవారు ఇలాంటి వాటిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలనే ఈ రచయిత అభిప్రాయం.

కాకినాడ దగ్గర కాస్త ఆగి చూడాలి. ఇది ఓడ ఒడ్డుకు ఆనుకుని నిలిచే రేవుగా పుట్టలేదు. అఖాతం లోతు తక్కువ. గోదావరి తెచ్చే మట్టి దాన్ని ఏటా ఇంకా పూడుస్తుంది. ఎదురుగా హోప్ ఐలండ్ అనే ఇసుకదిబ్బ అలలకు అడ్డుగా పెరగడంతో లోపల నీరు నిలకడగా ఉంటుంది. ఓడలు కొన్ని కిలోమీటర్ల అవతల లంగరు వేస్తాయి, బార్జీలు సరుకును కాలవ నోటి దాకా మోస్తాయి. జగన్నాథపురం పక్కన డచ్చివారి వర్తక స్థావరం 1825 దాకా ఉంది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైనప్పుడు కాకినాడ ఎగుమతులు ఊపందుకున్నాయి. కాబట్టి రైలు ఇక్కడికి వచ్చేనాటికి రేవు అంటే కాలవ ఒడ్డు, బార్జీలు, గిడ్డంగులు. రైలు కూడా కాలవ ఒడ్డునే వెతుక్కుంటూ వచ్చి ఆగింది. కాకినాడ పోర్టు స్టేషను పేరులోని పోర్టు ఆ పాత రేవే. 1997లో తెరుచుకుని 1999లో ప్రైవేటు నిర్వహణలోకి వెళ్లిన లోతునీటి రేవు పట్టణానికి ఈశాన్యంగా ఉంది, సరుకు బండ్లకు దానికి వేరే పట్టాలున్నాయి. దూరప్రయాణపు బండ్లు మాత్రం పోర్టు అన్న పేరున్న స్టేషనులోనే ఆగి, ఓడల మాటే ఎరగని ప్రయాణికులను దించుతాయి. ఇది పాడుబడిన యార్డు కాదు, పని మారిన యార్డు. బార్జీకి, వ్యాగనుకు మధ్య మూటలు మారిన స్థలం ప్రయాణికుల టెర్మినలుగా స్థిరపడిపోయింది. సరుకు వెళ్లిపోయినా నేల రైల్వే చేతిలోనే ఉండడం వల్ల అది సాధ్యమైంది.

అయితే వాదనకు గట్టి సాక్ష్యం కాకినాడ ఊళ్లో లేదు. అక్కడి నుంచి కరప, వేలంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లికి చేరే దాదాపు 45 కి.మీ. శాఖలో ఉంది. ఇది 1928లో మొదలైంది. డెల్టా వరి, కొబ్బరి కాకినాడ వైపు రావడం, కోనసీమ ప్రయాణికులు కోటిపల్లి రేవులో నది దాటి బండెక్కడం దీని ఉద్దేశం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, పట్టాలు ఊడదీశారు. అప్పట్లో దేశమంతా ఆదాయం తక్కువున్న శాఖలను ఎంచి, వాటి ఇనుమును యుద్ధ అవసరాలకు తరలించారు. కోటిపల్లి శాఖ పన్నెండేళ్ల వయసులో ఆ జాబితాకెక్కింది. యుద్ధం కాకినాడను మరో రకంగానూ పలకరించింది: 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు ఈ ఊరి మీదా బాంబులు వేశాయి. శాఖ మాత్రం యుద్ధం ముగిశాకా తిరిగి రాలేదు. అరవై ఏళ్లకు పైగా అది పట్టాలు లేని రైలు మార్గం. 2004లో మళ్లీ పట్టాలు పడి బండి నడిచింది. ఆ ప్రాంత ఎంపీ, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి దీనికోసం గట్టిగా పట్టుబట్టిన నాయకుడు. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో ఆయన మరణించడంతో ఆ బండిని చూడలేకపోయారు.

ఇనుము పోయి నేల మిగలడం అంటే ఏమిటో ఈ మార్గం చెబుతుంది. గోదావరి డెల్టాలో నేల దాదాపు బల్లపరుపు. పంటబోదెలు, మురుగు కాలవలు, పుంతలు అడుగడుగునా దాటాలి. రైలు కట్ట వేసేవాడికి అసలు ఖర్చు పట్టాలది కాదు. వానాకాలంలో నీరు నిలబడే చేలో కట్టను కుంగకుండా ఎత్తడం, ప్రతి బోదెకూ తూము వదలడం, పంట పండే మాగాణిని వందల మంది రైతుల దగ్గర ముక్కముక్కగా సేకరించడం. ఈ మూడింటిలో మొదటి రెండు పాడైతే బాగుచేసుకోవచ్చు. మూడోది ఒకసారి జారిపోతే మళ్లీ మొదటికొస్తుంది. పాత శాఖ విషయంలో దారి ఎటు పోవాలన్న ప్రశ్న 1928లోనే తేలిపోయింది; కొత్త తరం ఇంజనీర్లు దానికి మళ్లీ జవాబు వెతకనక్కరలేకపోయింది. అందుకే 2004 నాటి పనిని కొత్త మార్గమనకుండా పునరుద్ధరణ అన్నారు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. కోటిపల్లికి రైలు తిరిగి రావడానికి కారణం పాత కట్ట కాదు, ఢిల్లీలో పలుకుబడి గల నాయకుడు అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. అడిగే గొంతు లేకపోతే కట్ట తనంతట తాను పట్టాలు వేసుకోదు. కాని అదే కాలంలో, అదే నాయకుడి చొరవతో, 2000–01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం కొత్త మార్గాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దాదాపు 57 కి.మీ. పొడవైన ఆ మార్గానికి పాత కట్ట లేదు. భూసేకరణ ఏళ్ల తరబడి సాగింది. మంజూరైన రెండు దశాబ్దాల తర్వాత కూడా రైలు అమలాపురానికి చేరలేదు. ఈ పోలిక పూర్తిగా సమానం కాదని కూడా ఒప్పుకోవాలి: కొత్త మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు పెద్ద పాయలను దాటాలి, పాత శాఖ ఒక్క పాయనైనా దాటకుండా ఒడ్డునే ఆగిపోయింది. వంతెనల ఖర్చు తీసేసినా, అమలాపురం చుట్టూ కొబ్బరితోటల మధ్య కొత్తగా దారి సంపాదించడం కరప దగ్గర పాత దారి మీద పట్టాలు వేసినంత సులువు కాదన్నది మాత్రం నిలుస్తుంది. రాజకీయ బలం రెండింటికీ ఒక్కటే. నేల చరిత్ర వేరు.

అదే మార్గం ఈ వాదనకు ఎదురు సాక్ష్యం కూడా ఇస్తుంది. పునరుద్ధరించాక ఇక్కడ ఒంటి పెట్టె రైలుబస్సు నడిచింది. 2020లో కోవిడ్ కట్టడితో ఆగింది. ఇక్కడ పట్టాలున్నాయి, కట్ట ఉంది, తూములున్నాయి, బండి లేదు. 1940లో పోయినది ఇనుము, 2020లో పోయినది ప్రయాణం. నేల మిగిలితే చాలు మార్గం బతికినట్టే అనుకోవడం తప్పని ఇది తేల్చిచెబుతుంది. కాకినాడ నుంచి రామచంద్రపురం వైపు బస్సులు, ఆటోలు ఊరి నడిబొడ్డు నుంచి బయల్దేరుతుంటే రోజుకు ఒకటి రెండు సార్లు తిరిగే రైలుబస్సు వాటితో పోటీపడడం కష్టం. నేల ఉండడం వల్ల తిరిగి మొదలుపెట్టే అవకాశం మాత్రమే నిలుస్తుంది. ఆ అవకాశం వాడుకోవడం, వదులుకోవడం వేరే లెక్క.

ఇనుమే మిగిలిన చోటు ఒకటుంది, దాన్ని విడిగా చూడాలి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన, 56 దూలపు వరసలతో, దాదాపు శతాబ్దం పాటు మద్రాసు–కలకత్తా బండ్లను మోసి 1997లో విశ్రమించింది. దాని పక్కనే కమాను వంతెన వచ్చింది; అంతకుముందే 1974లో రైలు, రోడ్డు కలిసిన వంతెన వచ్చింది. ఈ పాత వంతెన దూలాలు ఎందుకు తుక్కుకు పోలేదు? నది మధ్యలో రాతి స్తంభాల మీద ఉన్న ఇనుమును దించడం చవక పని కాదు, దించినా ఆ స్థలంలో ఇల్లు కట్టేవాడు, కొట్టు పెట్టేవాడు ఉండడు. చేల మధ్య నేలకు పోటీ ఉంది గనుక అక్కడ ఇనుము ముందు పోయింది. నది మీద పోటీ లేదు గనుక ఇనుము నిలిచింది. పైకి విరుద్ధంగా కనిపించే ఈ ఉదాహరణ కూడా నేల సూత్రాన్నే బలపరుస్తుంది. దాన్ని పర్యాటక వంతెనగా మార్చాలన్న ఆలోచనలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం, నగరపాలక సంస్థ ముగ్గురూ చేతులు కలపాల్సిన పని ఎంత నిదానంగా నడుస్తుందో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు.

బందరును క్లుప్తంగా ముగించవచ్చు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో అడుగుపెట్టిన ఈ రేవు 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30,000 మందిని పోగొట్టుకుంది. బెజవాడ నుంచి బందరు కాలవ అప్పటికే ఉంది. రైలు 1908లో వచ్చేసరికి ఓడలు తీరానికి బహుదూరంగా, బురద అవతల నిలబడుతున్నాయి. అంటే ఇక్కడ పాడుబడినది రేవు, మిగిలినది రైలు. కాకినాడ–కోటిపల్లి శాఖకు ఇది తిరగేసిన బొమ్మ. 2023లో కొత్త బందరు ఓడరేవు పని మొదలైంది. పాత రైలు మార్గం ఊళ్లోకి వచ్చి ఆగుతుంది గనుక, కొత్త రేవుకు కావలసిన ఆఖరి కిలోమీటర్ల నేలను ఇప్పుడు కొత్తగా వెతుక్కోవాలి.

సజీవ మార్గాల్లో మాత్రం పాతది ఎక్కువగా మిగలాలి కదా అని అనిపించవచ్చు. అలా జరగదు. హైదరాబాదుకు పడమట శంకర్‌పల్లి మీదుగా పోయే వాడి–సికింద్రాబాదు మార్గం 1874లో తెరిచినది; నిజాం రాజ్యానికి బొంబాయి రేవు వైపు దారి చూపిన మొదటి రైలు అదే. అది ఒక్కరోజూ వాడుక తప్పలేదు. ఒంటి లైను జంట లైనైంది, ఆవిరి పోయి డీజిలు, డీజిలు పోయి కరెంటు వచ్చింది, పట్టాలు ఎన్నోసార్లు మారాయి. శంకర్‌పల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడినవారికి 1874 నాటి వస్తువేదీ కనిపించదు. దారి ఒక్కటే పాతది. వాడుకలో ఉన్న మార్గం తన పాత రూపాన్ని తానే చెరిపేసుకుంటుంది, వాడుక తప్పినది దాన్ని కొన్నాళ్లు దాచిపెడుతుంది. లండన్ రేవుల్లో ఇదే జరిగింది. పడమటి డాకులు మూతపడ్డాక అక్కడ వదిలేసిన లండన్ అండ్ బ్లాక్‌వాల్ రైల్వే ఇటుక వంతెనల మీదనే 1987లో డాక్‌లాండ్స్ లైట్ రైల్వే బండ్లు పరుగెత్తాయి. వదిలేయడమే ఆ మార్గాన్ని కాపాడింది.

మరి నేల కూడా పోతే? 1964 డిసెంబరు తుపాను ధనుష్కోటి రేవును, పట్టాలను, ప్రయాణికులతో ఉన్న బండిని కలిపి మింగింది. అక్కడ ఇసుకలో కూరుకున్న గోడలే గుర్తు. కోరంగి కథను గుర్తుంచుకున్న తీరానికి ఆ భయం కొత్తది కాదు. అయితే తెలుగు రేవుల్లో పాత కట్టలకు సముద్రం కంటే ఎక్కువ పోటీ ఇళ్లతో, రోడ్లతో వస్తుంది. ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది: ఎప్పుడో వాడుకలోకి రావచ్చునన్న ఆశతో పేదల గుడిసెలున్న కట్టను ఖాళీగా ఉంచమనడం న్యాయమేనా అని. న్యాయం కాదు. కట్ట మీద ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ప్రత్యామ్నాయం చూపకుండా ఖాళీ చేయించడం కంటే, ఆ భాగాన్ని వదిలేసుకుని రైలుకు వేరే దారి వెతకడమే మేలైన సందర్భాలుంటాయి. కాని అది తెలిసి తీసుకున్న నిర్ణయంగా ఉండాలి. చాలాచోట్ల కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రెవెన్యూ పటానికి, రైల్వే పటానికి పొంతన ఉండదు. ఒక తూము కూలిపోయాక ఆ చోట రోడ్డు వేస్తే, మరుసటి వానాకాలంలో పక్క చేలో నీరు నిలబడితే గాని అక్కడ ఒకప్పుడు నీటికి దారి ఉండేదని ఎవరికీ తెలియదు. పాత రైలు ఇంజనీర్లు డెల్టా మురుగును అర్థం చేసుకుని ఆ తూములు పెట్టారు. వాటి కొలతలు, స్థానాలు రైలు తిరిగి వచ్చినా రాకపోయినా రైతుకు, పంచాయతీకి పనికొచ్చే సమాచారమే.